గోధుమ పొలాల్లో కయోటీ వేట: ఏడు ట్రిప్పుల డైరీ

వేట వీడియోల్లో శబ్దం పెట్టి పిలిచిన ప్రతి కయోటీ (అమెరికాలో తిరిగే, నక్కకు చుట్టమైన అడవి జంతువు) పరుగెత్తుకుంటూ వచ్చేస్తుంది. రానివాటిని ఎడిటింగ్‌లో కోసేస్తారు. నేను ఇక్కడ ఎక్కువగా రాస్తున్నది ఆ కోసేసిన భాగమే. నాలాగే సున్నా నుంచి మొదలుపెట్టేవాళ్లకు కనీసం మొదటి మూడు ట్రిప్పుల పెట్రోలు మిగులుతుంది.

చోటు: ఉత్తర టెక్సస్, విచిటా ఫాల్స్ ఊరు దాటాక ఒక రైతు పొలం. డాలస్ వైపు మా ఇంటి నుంచి రెండు గంటలకు పైగా ప్రయాణం. శీతాకాలపు గోధుమ, అందులో మేసే పశువులు, అంచుల్లో మెస్కీట్ పొదలు. మెస్కీట్ అంటే మన సర్కారు తుమ్మకు దగ్గరి చుట్టమే, ముళ్లతో సహా. మిగతాదంతా చాప పరిచినట్టు చదును. రైతు మా ఆఫీసులో నాతో పనిచేసే ఒకతని మామగారు. జనవరి, ఫిబ్రవరిలో ఆవులు ఈనేటప్పుడు కయోటీలు దూడల కోసం తిరుగుతాయని ఆయన ఫిర్యాదు.

దశ 0: కాగితాలు, పర్మిషన్

1. టెక్సస్‌లో 1971 సెప్టెంబర్ 2న గానీ ఆ తర్వాత గానీ పుట్టినవాళ్లు వేటకు ముందు హంటర్ ఎడ్యుకేషన్ కోర్సు చేయాలి. 17 ఏళ్లు నిండితే ఆన్‌లైన్‌లోనే అయిపోతుంది.
2. వేట లైసెన్సు. రాష్ట్ర నివాసులకు 25 డాలర్లు. ఆగస్టు 31తో ముగుస్తుంది కాబట్టి జూలైలో కొనకండి.
3. కయోటీకి ఇక్కడ సీజన్ లేదు, ఇన్నే కొట్టాలన్న పరిమితీ లేదు.
4. తుపాకి సంగతి. హెచ్1బీ లాంటి వీసాల మీద ఉన్నవాళ్లకు ఫెడరల్ చట్టం మామూలుగా తుపాకి ఉంచుకోనివ్వదు. చెల్లుబాటయ్యే వేట లైసెన్సు ఉంటే మినహాయింపు ఉంది. ఉన్నా సరే, నేను గ్రీన్‌కార్డు వచ్చేదాకా ముట్టుకోలేదు. మీ పరిస్థితి లాయర్‌ని అడిగి తెలుసుకోండి, వాట్సాప్ గ్రూపులో కాదు.

ఇది చదివి అనంతపురం బీళ్లలో నక్క మీద ప్రయత్నించాలనుకునే వాళ్లకు ఒక్క మాట: మన దేశంలో 1972 వన్యప్రాణి చట్టం కింద అది నేరం.

రైతు పెట్టిన షరతులు నాలుగు. వచ్చేముందు మెసేజ్ పెట్టాలి. గేటు ఎలా ఉంటే అలాగే వదలాలి, తెరిచి ఉంటే తెరిచే, మూసి ఉంటే మూసే. పశువులున్న దిక్కుకు తుపాకి తిప్పకూడదు. తూటా వెళ్లి దిగడానికి వెనక మట్టి కనిపించకపోతే కాల్చకూడదు. చివరిది ఆయన రెండుసార్లు చెప్పారు. ఈ చదును నేల మీద గురి తప్పిన తూటా మైలు దాటి పోతుంది. ఆ మైలులో ఎవరి ఇల్లుందో మనకు తెలియదు.

తర్వాత ఇంకో మాట కూడా అన్నారు. "నువ్వు ఒకటీ రెండూ కొడితే ఇవి తగ్గవు. ఈతకు ఐదారు పిల్లలు పెడతాయి, ఖాళీ అయిన చోటుకు పక్కవి వస్తాయి. ఈనే ఆవుల దగ్గర తిరగడానికి జంకితే నాకు చాలు." కాబట్టి ఈ డైరీలో "పొలాన్ని కాపాడాను" లాంటి మాటలు వెతక్కండి.

తుపాకి: పాతది, ప్రతి తూటాకూ చేత్తో బోల్టు లాగే రకం, .223 క్యాలిబర్, 3-9 స్కోపుతో (తుపాకి మీది దుర్బిణి, మూడు నుంచి తొమ్మిది రెట్లు పెద్దగా చూపిస్తుంది) సహా 520. తూటాలు 55 గ్రెయిన్లవి (గ్రెయిన్ అంటే తూటా బరువు కొలత), నాలుగు పెట్టెలు 112. కోర్సు, లైసెన్సు కలిపి 58.

లెక్క: ఖర్చు 690 డాలర్లు.

దశ 1: తలుపు చప్పుడు (ట్రిప్పు 1, నవంబర్)

ఐదు స్టాండ్లు. స్టాండ్ అంటే ఒకచోట కూర్చుని, పిలిచి, ఎదురుచూసి లేవడం. ఐదింటిలో తోక కూడా కనిపించలేదు.

రిమోట్‌తో నడిచే పిలుపు స్పీకర్ 230 పెట్టి కొన్నాను. అందులో కుందేలు కేక, ఎలుక కిచకిచ, కయోటీ పిల్ల ఏడుపు, రకరకాల ఊళలు ఉంటాయి. కుందేలు కేక పెట్టి మొదటి సెకను నుంచే ఫుల్ వాల్యూమ్ ఇచ్చాను. స్పీకర్ కాళ్ల దగ్గరే. ట్రక్కు యాభై అడుగుల వెనక, తలుపు చప్పుడుతో సహా. అరగంట అరవడం, ఐదారు వందల గజాలు జరగడం, మళ్లీ అరవడం. అంటే మొదటి స్టాండ్‌లో బెదిరినదాన్నే ఐదుసార్లు బెదిరించాను.

ఇక్కడ కయోటీలే లేవేమో అనుకుని లేచాను. అవున్నాయని చెప్పింది బురద. టెక్సస్‌లో కుంటను 'ట్యాంక్' అంటారు, మన ఇరిగేషన్ కాగితాల్లో చెరువును అన్నట్టే. వచ్చేటప్పుడు ట్యాంక్ ఒడ్డున తడి మట్టిలో నా బూటు ముద్రలు పడ్డాయి. వెళ్లేటప్పుడు చూస్తే ఒక బూటు ముద్ర మడమ మీద పంజా ముద్ర ఉంది. టేపు పెట్టి కొలిచాను: పొడవు రెండున్నర అంగుళాలు, వెడల్పు రెండు కంటే తక్కువ. ముందు రెండు గోళ్లు దగ్గరదగ్గరగా పడ్డాయి. కుక్క పాదమైతే గుండ్రంగా విచ్చుకుంటుంది. ఆ ముద్రల వెంట వెళ్తే నేను కూర్చున్న చోటుకు వెనకగా, గాలి పోయే వైపున, నలభై గజాల్లో ఆగి, వెనక్కి తిరిగి, అడుగులు దూరం దూరంగా పడ్డాయి. నేను ముందుకు చూస్తూ కూర్చుంటే అది వెనక నుంచి వచ్చి, నన్ను వాసన చూసి వెళ్లిపోయింది.

లెక్క (ప్రతిసారీ మొదటి నుంచీ కలిపి): స్టాండ్లు 5, కనిపించినవి 0, తూటాలు 0, పడ్డవి 0. ఖర్చు (పెట్రోలు 40 కలిపి) 960.

దశ 2: గట్టు మీద మనిషి (ట్రిప్పు 2, నవంబర్ చివర)

మార్చినవి:

1. ట్రక్కు మెరక వెనక, కనీసం 400 గజాల దూరంలో. తలుపు ధడేలున వెయ్యను, ఒత్తి మూస్తాను.
2. స్టాండ్‌కీ స్టాండ్‌కీ మధ్య ముప్పావు మైలుకు తగ్గకుండా.
3. మొదటి రెండు నిమిషాలు చిన్న శబ్దం. దగ్గర్లోనే పడుకున్నది ఉంటే పెద్ద కేకకు పారిపోతుంది.
4. మూడు డాలర్ల పౌడర్ డబ్బా. నొక్కితే పొగలా లేచి గాలి ఎటు పోతోందో చూపిస్తుంది. ఫోన్‌లో వాతావరణం చూపించే గాలి వేరు, పొలంలో మోకాలెత్తున వీచే గాలి వేరు. రెండింటికీ నలభై డిగ్రీల తేడా వచ్చిన రోజులున్నాయి.

నాలుగు స్టాండ్లలో మూడు ఖాళీ. నాలుగోదానికి నడుస్తూ, నీళ్లు ఆపడానికి వేసిన పంట గట్టు ఎక్కాను. ఎక్కి నిలబడి పొలమంతా తీరిగ్గా చూశాను. ఆరువందల గజాల అవతల మెస్కీట్ పక్క నుంచి ఒక బూడిద గీత లేచి, వెనక్కి చూడకుండా పోయింది. నేనింకా స్పీకర్ సంచిలోంచి తియ్యనే లేదు.

మన ఊళ్లో గట్టు మీద నడవడం అలవాటు కదా, కాలు దానంతటదే ఎక్కుతుంది. ఇక్కడ గట్టెక్కితే ఆకాశం ముందు మనిషి బొమ్మ నిలబెట్టినట్టే. అప్పటి నుంచి గట్టు కింద వాలులో నడుస్తున్నాను. దాటాల్సి వస్తే వంగి, పొద ఉన్న చోటే దాటుతున్నాను. కూర్చునేది గట్టుకు ముందు, వీపు దానికి ఆనించి. ఖాకీ ప్యాంటు, పాత గోధుమరంగు జాకెట్టు ఎండు గడ్డిలో బాగానే కలిసిపోయాయి, కామోఫ్లాజ్ బట్టలు కొనలేదు. మెరిసే స్టీలు బాటిల్ మాత్రం ట్రక్కులోనే.

లెక్క: స్టాండ్లు 9, కనిపించినవి 1, తూటాలు 0, పడ్డవి 0. ఖర్చు 1,003.

దశ 3: రెండువందల గజాలనుకున్నది (ట్రిప్పు 3, డిసెంబర్)

స్పీకర్‌ను నాకు యాభై గజాల అవతల పెట్టాను. గాలి ఎడమ నుంచి కుడికి అడ్డంగా, స్పీకర్ ఎడమన. కయోటీ శబ్దం దగ్గరికి నేరుగా రాదు, గాలి పోయే వైపుకు చుట్టి తిరిగి వాసన తీసుకుని వస్తుంది. అది తిరిగే ఆ కుడి పక్క ఖాళీ గోధుమ ఉండాలి, పొద ఉండకూడదు. అలా అయితే దానికి నా వాసన తగిలేలోపే నా ముందు నుంచి పోవాలి.

రెండో స్టాండ్, ఎనిమిదో నిమిషం. జంట. పచ్చటి గోధుమలో రెండూ పక్కపక్కనే వచ్చి ఆగాయి. రెండువందల గజాలు ఉంటాయనుకున్నాను. ఛాతీ మధ్యలో గురి పెట్టి కాల్చాను. ముందు కాళ్ల కింద మట్టి లేచింది, రెండూ మాయం. ఇంకో స్టాండ్‌లో ఒకటి దూరంగా కూర్చుని పది నిమిషాలు చూసి లేచి వెళ్లింది. ఒక్క అడుగు దగ్గరికి రాలేదు.

జంట నిలబడ్డ చోటు ఒక పాత గుంజ పక్కన. తర్వాత రేంజ్‌ఫైండర్ (దూరం కొలిచే పరికరం) కొన్నాక కూర్చున్న చోటు నుంచే కొలిచాను: 318 గజాలు. చెట్టు, ఇల్లు, స్తంభం ఏదీ లేని చదునులో దూరం ఎప్పుడూ తక్కువగానే తోస్తుంది. పైగా స్కోపును 100 గజాలకు సెట్ చేసి ఉంచాను. ఈ తూటా అలాంటప్పుడు 300 దగ్గర అడుగు కిందికి పడుతుంది. కయోటీ ఛాతీ పైనుంచి కిందికి తొమ్మిది అంగుళాలుంటే గొప్ప, మిగతాది బొచ్చు.

లెక్క: స్టాండ్లు 13, కనిపించినవి 4, తూటాలు 1, పడ్డవి 0. ఖర్చు 1,043.

దశ 4: రేంజ్‌లో ఒక పూట

వేటకు పోకుండా షూటింగ్ రేంజ్‌లో నలభై తూటాలు కాల్చాను. నా దృష్టిలో ఈ డైరీ మొత్తంలో బాగా ఖర్చుపెట్టిన డబ్బు ఇదే.

స్కోపును 200కు మార్చాక కాగితం మీద కొలతలు:

- 100 గజాలు: ఒకటిన్నర అంగుళం పైకి
- 200: సరిగ్గా
- 250: మూడు అంగుళాలు కిందికి
- 300: ఏడున్నర అంగుళాలు కిందికి

అంటే 250 దాకా ఛాతీ మధ్యలో పెట్టి నొక్కితే చాలు, లెక్కలు అక్కర్లేదు. గాలి వేరే కథ. పక్క నుంచి గంటకు పది మైళ్ల గాలి 200 గజాల్లోనే తూటాను దాదాపు నాలుగు అంగుళాలు తోసేస్తుంది.

అసలు షాక్ ఇది కాదు. టేబుల్ మీద తుపాకి ఆనించి కాల్చినప్పుడు నేను మొనగాణ్ణే. పొలంలో కూర్చున్నట్టు నేల మీద కూర్చుని, 200 గజాల నుంచి ఐదేసి తూటాలు కాలిస్తే వాటి మధ్య అత్యధిక దూరం:

- తుపాకి ఆనించే రెండు కాళ్ల కర్ర మీద: ఏడున్నర అంగుళాలు
- ట్రైపాడ్ మీద: నాలుగు
- బోర్లా పడుకుని సంచి మీద: రెండున్నర

పడుకుంటే బాగుంది కదా అంటే, పొలంలో పడుకున్నాక గడ్డి తప్ప ఏమీ కనపడదు. అందుకే ట్రైపాడ్. రెండు కాళ్ల కర్ర ఇప్పుడు పెరట్లో టమాటా మొక్కకు ఊతంగా ఉంది.

పెట్టుకున్న నియమం: 200 గజాలు దాటితే కాల్చను. కూర్చోగానే మూడు గుర్తులు కొలుస్తాను (పొద, గుంజ, గట్టు మలుపు), అప్పుడే స్పీకర్ ఆన్.

రేంజ్‌ఫైండర్ 160, ట్రైపాడ్ 120, తూటాలు 56. ఖర్చు 1,379.

దశ 5: బెల్టు (ట్రిప్పు 4, జనవరి మొదటి వారం)

ఈసారి గుంటూరు నుంచి వచ్చిన ఒక తమ్ముడు తోడొచ్చాడు. వాళ్లావిడ కట్టిచ్చిన పులిహోర డబ్బా కూడా వచ్చింది. మొదటి మూడు స్టాండ్లలో ఏమీ రాలేదు. ఇంగువ వాసన వల్లేనని నేను, నా బూట్ల వాసన వల్లేనని వాడు.

నాలుగో స్టాండ్‌లో ఆరో నిమిషానికి పొదల్లోంచి ఎర్రగా ఒకటి, తల దించుకుని, నేరుగా స్పీకర్ వైపు. 150 గజాల గుర్తు దాటింది.

"అన్నా, వచ్చేసింది, కొట్టు," అని గుసగుస.

అప్పటికే స్కోపులో ఉంది. సేఫ్టీ తీశాను. తోక పైకి లేచి ఉంది. కయోటీ పరుగెత్తేటప్పుడు తోక కిందికి వేలాడుతుందని చదివాను గనక వేలు ట్రిగ్గర్ మీదికి పోలేదు. అది కొంచెం పక్కకు తిరగ్గానే మెడలో నారింజ రంగు బెల్టు కనిపించింది. పక్క పొలం వాళ్ల కుక్క. స్పీకర్ దగ్గరికొచ్చి, వాసన చూసి, దాని మీద కాలెత్తి, వెళ్లిపోయింది.

తమ్ముడు నవ్వాడు. నాకు నవ్వు రావడానికి సాయంత్రమైంది. ఆ కుక్క చలికి వంకరగా, తోక దించుకుని వచ్చి ఉంటే?

తప్పు ఎక్కడంటే, వచ్చిందేమిటో చూడటానికి తుపాకి మీది స్కోపు వాడాను. అంటే అదేమిటో తెలియకముందే తుపాకి దాని వైపు తిరిగింది. ఆ వారమే 90 పెట్టి బైనాక్యులర్ కొన్నాను. మెడలో అదే ఉంటుంది. ముందు దానితో చూడటం, తల నుంచి తోక దాకా చూసి నిర్ధారించుకున్నాకే తుపాకి ఎత్తడం. రైతుకు ఫోన్ చేసి చుట్టుపక్కల ఎవరెవరికి కుక్కలున్నాయో, ఏ రంగువో రాసుకున్నాను. ఇది మొదటి రోజే అడగాల్సింది.

లెక్క: స్టాండ్లు 17, కనిపించిన కయోటీలు 4, తూటాలు 1, పడ్డవి 0. ఖర్చు 1,509.

దశ 6: ఆవులు తల తిప్పిన రోజు (ట్రిప్పు 5, జనవరి)

ముందు రోజు ఉత్తరం నుంచి చలిగాలి వచ్చి పోయింది. పొద్దున 24 డిగ్రీల ఫారన్‌హీట్, అంటే మనకు సున్నాకు నాలుగున్నర తక్కువ. గాలి ఆరు మైళ్లు, వాయవ్యం నుంచి. గోధుమ మీద మంచు గడ్డకట్టి అడుగేస్తే అప్పడం విరిగినట్టు చప్పుడు. 450 గజాల నడకకు ఇరవై నిమిషాలు పట్టింది. కూర్చున్నాక ఐదు నిమిషాలు ఊరికే ఉన్నాను, నా చప్పుడు పొలం మర్చిపోయేదాకా.

తర్వాత ఎలుక కిచకిచ, చిన్నగా. మూడో నిమిషంలో కుందేలు కేక. ఒక నిమిషం కేక, రెండు నిమిషాలు నిశ్శబ్దం.

పదకొండో నిమిషానికి, కుడివైపు దూరంగా మేస్తున్న ఆవులు ఒకదాని తర్వాత ఒకటి తలెత్తి ఒకే దిక్కుకు చూశాయి. ఈ గుర్తు నాకెవరూ చెప్పలేదు. అవి చూసిన వైపే బైనాక్యులర్ తిప్పితే, మెస్కీట్ వెనక రెండు చెవులు. బయటికి వచ్చి, అనుకున్నట్టే గాలి పోయే వైపుకు చుట్టు తిరగడం మొదలుపెట్టింది. 120 గజాల గుర్తు దాటి లోపలికి వచ్చాక నోటితో "వుఫ్" అన్నాను. ఆగి నా వైపు చూసింది. వెనక ట్యాంక్ కట్ట మట్టి. నొక్కాను. నిలబడ్డ చోటే కూలింది. దూరం 112.

సంతోషం అని రాయలేను. చేతులు వణికాయి, చలికో దేనికో.

దగ్గరికెళ్లి చూస్తే ముక్కు ఇంకా తడిగా ఉంది. వీపు మీద వెంట్రుకలు ఒక్కొక్కటీ మొదట్లో తెల్లగా, చివర నల్లగా. దూరానికి బూడిద రంగనిపించేది ఈ రెండూ కలిసే. కుడి చెవి కొన చీలి మానిపోయింది. మగది. వేలాడే త్రాసులో 29 పౌండ్లు, పదమూడు కిలోలు. మన వీధికుక్క బరువు కూడా లేదు. ఇంతసేపూ నేను తోడేలంత జంతువుతో తలపడుతున్నట్టు ఊహించుకున్నాను.

చేతికి గ్లోవ్స్ తప్పనిసరి. ఒళ్లు చల్లబడుతుంటే గోమార్లు బయటికొస్తాయి, అవి వెచ్చగా ఉన్న మన వైపే చూస్తాయి. మందపాటి సంచిలో మూతి కట్టి ఒక గంట వదిలేశాను. రైతు మనవడు తోలు తీసుకుంటానన్నాడు.

మిగతా మూడు స్టాండ్లలో ఇంకో రెండు కనిపించాయి, రెండూ 300కు అవతలే. కాల్చలేదు.

లెక్క: స్టాండ్లు 21, కనిపించినవి 7, తూటాలు 2, పడ్డవి 1. ఖర్చు 1,549.

దశ 7: పోకూడని రోజు (ట్రిప్పు 6, జనవరి చివర)

నక్క తోక తొక్కాననుకుని ఫోర్‌కాస్ట్ చూడకుండా బయల్దేరాను. గాలి 25 మైళ్లు. స్పీకర్ ఫుల్ వాల్యూమ్‌లో పెడితే యాభై గజాల దూరంలో ఉన్న నాకే సరిగా వినపడలేదు. రెండు స్టాండ్లు, ఇంటికి. ఇప్పుడు 15 మైళ్లు దాటితే ట్రిప్పు రద్దు.

లెక్క: స్టాండ్లు 23, కనిపించినవి 7, తూటాలు 2, పడ్డవి 1. ఖర్చు 1,589.

దశ 8: ఊళ (ట్రిప్పు 7, ఫిబ్రవరి)

ఫిబ్రవరి జత కట్టే కాలం. కుందేలు కేకను ఇవి నవంబర్ నుంచి నా దగ్గరా, ఇంకెవరి దగ్గరో కూడా విని ఉంటాయి. అందుకని శబ్దం మార్చాను:

1. ఆడ కయోటీ ఊళ రెండుసార్లు. మధ్యలో అర నిమిషం.
2. పది నిమిషాలు పూర్తి నిశ్శబ్దం. ఇదే కష్టం. వేలు రిమోట్ మీదికి పోతూనే ఉంటుంది.
3. మళ్లీ ఒక ఊళ. ఇంకో ఐదు నిమిషాలు ఏమీ లేదు.
4. చివరగా పిల్ల ఏడుపు.

మొత్తం ఒక్కో స్టాండ్‌కు అరగంట. ఇదివరకు ఇరవై నిమిషాలకే లేచేవాణ్ణి. ఎన్నిటిని అలా లేచి పోగొట్టుకున్నానో.

రెండో స్టాండ్‌లో 24వ నిమిషానికి జంట వచ్చింది. ముందున్నది 164 గజాల్లో ఆగింది, పడింది. రెండోది పారిపోతుంటే తుపాకి దించకుండా వెంటనే పిల్ల ఏడుపు పెట్టాను. ముప్పై సెకన్లలో అది ఆగి, వెనక్కి తిరిగి, నాలుగు గెంతులు నా వైపే వచ్చింది. అక్కడ తొందరపడ్డాను. ఆగేదాకా ఆగకుండా నడుస్తున్నదాన్ని కాల్చాను, తప్పింది. వెళ్లి రక్తం, వెంట్రుకలు ఏమైనా ఉన్నాయేమోనని నలభై నిమిషాలు వెతికాను. ఏమీ లేదు, తూటా గట్టు మట్టిలో దిగిన గుంట దొరికింది. ఆ గుంట దొరికాకే మనసు కుదుటపడింది.

పడ్డది ఆడది, 25 పౌండ్లు. తోక మొదట్లో గజ్జి మొదలై ఒక అరచేతి మేర వెంట్రుకలు రాలిపోయాయి. తోలు పనికిరాదన్నారు. రైతు చెప్పిన చోట గొయ్యి తీసి పూడ్చాను.

మూడు, నాలుగు స్టాండ్లలో ఒక్కొక్కటి కనిపించాయి. ఒకటి నా ట్రక్కు చక్రాల జాడ దగ్గర ఆగి, ముక్కు నేలకు ఆనించి, అట్నుంచి అటే పోయింది. అంటే ట్రక్కు ఎక్కడ ఆపాలన్నది ఒక్కటే సరిపోదు, ఏ దారిన తెచ్చాననేది కూడా చూసుకోవాలి.

లెక్క: స్టాండ్లు 27, కనిపించినవి 11, తూటాలు 4, పడ్డవి 2. ఖర్చు 1,629.

తర్వాత మార్చబోయేవి

స్పీకర్‌కు కొత్త శబ్దాలు కొననని రాసి పెట్టుకున్నాను. దాదాపు ఫెయిలైన ప్రతి స్టాండూ మొదటి కేకకు ముందే ఫెయిలైంది. తలుపు, గట్టు, గాలి, చక్రాల జాడ, వీటిలో ఏదో ఒకటి.

నోటితో ఊదే పీక ఒకటి పన్నెండు డాలర్లకు చూసి పెట్టాను, రిమోట్ బ్యాటరీ చలికి రెండుసార్లు పడుకుంది కాబట్టి. ఇంట్లో ప్రాక్టీసు చేయడానికి మాత్రం పర్మిషన్ రాలేదు, కారులో చేసుకోమన్నారు.

ఏప్రిల్, మేలో బొరియల్లో పిల్లలుంటాయి, ఆ రెండు నెలలూ పిలవను. ఇది చట్టమేమీ కాదు, నా లెక్క. మార్చి మధ్యకల్లా పశువులను గోధుమ మీంచి తీసేస్తామని రైతు మెసేజ్ పెట్టారు, పంట గింజకు వదలాలట. అంటే ఆవులు తల తిప్పి చూపించే సాయం కూడా అంతటితో సరి. తూర్పు గేటు గొలుసు మార్చారని, కొత్త తాళం నంబరు అడిగి రమ్మని అదే మెసేజ్‌లో ఉంది.